మోడల్‌లో మోడల్ కుక్కితే చాలా? ఒక ఫార్వర్డ్ మెసేజ్‌కి జవాబు

మా కర్నూలు కుర్రాళ్ల కోడింగ్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇంతే: "జావాస్క్రిప్ట్ యాప్‌లో డేటాను విడగొట్టొద్దు. సర్వర్ పంపిన జేసన్‌ను అలాగే మోడల్‌లో మోడల్‌గా పెట్టుకోండి. మార్చాలంటే స్ప్రెడ్‌తో కాపీ తీయండి. స్క్రీన్ దానంతట అదే మారుతుంది. ఐడీలతో విడగొట్టడం పెద్ద కంపెనీల గోల." (మోడల్ అంటే ఒక మనిషి లేదా వస్తువు వివరాలన్నీ పట్టుకునే ఆబ్జెక్టు. జేసన్ అంటే సర్వర్ డేటాను పంపే టెక్స్ట్ రూపం. స్ప్రెడ్ అంటే మూడు చుక్కలు పెట్టి ఆబ్జెక్టును కాపీ చేసే పద్ధతి.)

"సర్వర్ పంపినట్టే పెట్టుకోండి." నేనూ అలాగే పెట్టాను. ఉల్లిగడ్డల కమీషన్ దుకాణానికి యాప్ చేస్తూ, ప్రతి లాటు లోపల రైతు రికార్డు మొత్తం ఉంచాను. ఒక రైతు నాలుగు లాట్లు తెచ్చాడు. నాలుగింట్లో ఉన్నది ఒకే మనిషని జేసన్ దానంతట అది చెప్పదు. పార్స్ చేయగానే, అంటే ఆ టెక్స్ట్‌ను ఆబ్జెక్టులుగా మార్చగానే, నలుగురు రైతులు తయారయ్యారు. ఆయన ఫోన్ నంబరు మారిస్తే ఒక లాటులోనే మారింది. గుమాస్తా పాత నంబరుకు చేసి చేసి విసిగి, ఆ కోపం నా మీద చూపించాడు. తప్పు నాదే.

"స్ప్రెడ్ కొడితే కాపీ." ఒక్క అంతస్తుకే. లాటు కొత్తది వస్తుంది, లోపలి రైతు మాత్రం పాత లాటు, కొత్త లాటు రెండింటికీ ఉమ్మడి. ఎడిట్ ఫారంలో నంబరు దిద్ది, మనసు మార్చుకుని క్యాన్సిల్ నొక్కి చూడండి: అసలు రికార్డు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. జేసన్‌గా మార్చి మళ్లీ పార్స్ చేసే చిట్కా ఉంది కానీ, తేదీలు ఉత్త స్ట్రింగులైపోతాయి. లోపలిదాకా కాపీ తీసే స్ట్రక్చర్డ్‌క్లోన్ అనే ఫంక్షన్ తేదీలను కాపాడుతుంది. లోపల ఫంక్షన్ కనబడితే మాత్రం ఎర్రర్ విసురుతుంది, క్లాస్ మెథడ్లనూ వదిలేస్తుంది.

"స్క్రీన్ దానంతట అదే మారుతుంది." స్క్రీన్లు కట్టే లైబ్రరీల్లో ఒకటైన వ్యూ 3లో చాలావరకు నిజమే, లోపలి మార్పులను కూడా అది గమనిస్తుంది. అలాంటిదే ఇంకో లైబ్రరీ రియాక్ట్‌లో అదే ఆబ్జెక్టును లోపల దిద్ది మళ్లీ సెట్ చేస్తే, ఏమీ మారలేదనుకుని ఊరుకుంటుంది. 2010లో వచ్చిన బ్యాక్‌బోన్ అనే లైబ్రరీలోనూ ఇదే తంటా: కలెక్షన్ (మోడళ్ల జాబితా) తన మోడళ్ల ఈవెంట్లను, అంటే మార్పు కబుర్లను, పైకి చేరవేస్తుంది, ఒక మోడల్ లోపల అట్రిబ్యూట్‌గా (ఒక వివరంగా) పెట్టిన మోడల్‌లో మార్పు మాత్రం పై మోడల్‌కు తెలియదు. ఆ కబురు వినే ఏర్పాటు మనమే రాసుకోవాలి.

ఇక "పెద్ద కంపెనీల గోల" అట. రైతుల్ని ఐడీ వారీగా ఒకచోట పెట్టి, లాటులో రైతు ఐడీ రాసుకోవడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది.

అలాగని అన్నీ విడగొట్టమనను. బస్తాల తూకాలు లాటు లోపలే ఉండాలి, లాటు పోతే వాటితో ఎవరికీ పని లేదు. తక్‌పట్టీలో (రైతుకిచ్చే అమ్మకం చీటీలో) ఆ రోజు రేటు, ఆ రోజు పేరు కావాలనే కాపీగా ఉంచాను. రైతు రేపు నంబరు మార్చుకున్నా, నిన్న ఇచ్చిన చీటీ మారకూడదు కదా. ఇప్పుడు గుమాస్తా నంబరు ఒక్కచోటే మారుస్తున్నాడు, నాకు ఫోన్లు తగ్గాయి.