అల్లూరు వరి పొలాల్లో ఫిరంగి గుంటలు లేవు

నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఉపగ్రహ చిత్రం తిరుగుతోంది. అల్లూరు వైపు వరి పొలాలు, వాటిలో వంపుగా వరసలో నాలుగు ముదురాకుపచ్చ గుండ్రటి మచ్చలు. కింద రాత: "1942లో జపాన్ విమానాలను కూల్చడానికి తెల్లవాళ్ళు పెట్టిన ఫిరంగి గుంటలివి. పెన్నా రైలు వంతెనకు కాపలా. ప్రభుత్వానికి తెలిసినా చెప్పట్లేదు."

అసలు ఊహ పిచ్చిది కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు వేసిన మాట నిజం. బ్రిటన్‌లో పైరు రంగును బట్టి యుద్ధకాలపు ఫిరంగి స్థావరాలను గుర్తుపట్టడమూ నిజమే. అక్కడ సాధారణంగా నాలుగు ఫిరంగులు వంపుగా, వాటికి ఒక కమాండ్ పోస్టు ఉండేవి. ఫార్వర్డ్ రాసినాయన ఆ బొమ్మలు చూసే ఉంటాడు. అవి ఏ నేలలో, ఏ పైరులో కనిపించాయో మాత్రం చూడలేదు.

పూడ్చిన గుంటలో మట్టి లోతుగా, వదులుగా ఉంటుంది, చెమ్మ ఆపుతుంది. చుట్టూ పైరు వాడుతున్నా దాని మీదిది పచ్చగా, ఏపుగా ఉంటుంది. కింద గోడో కాంక్రీటో ఉంటే దీనికి తలకిందులు: పైరు గిడసబారి ముందే పండుబారుతుంది. గోధుమ, బార్లీ చేలల్లో, అదీ వానలు మొహం చాటేసిన ఏడాది, ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. 2018 కరువు వేసవిలో ఐర్లండ్‌లో న్యూగ్రేంజ్ దగ్గర ఒక పెద్ద పురాతన వలయం ఇలాగే బయటపడింది. మన వరి సంగతి వేరు. దమ్ము చేసి, మడిలో నీళ్ళు నిలబెట్టి పెంచే పైరులో ఏ దుబ్బుకూ దాహమే వేయదు. ఇక కింద గుంట ఉందో లేదో పైరెలా చెబుతుంది?

మరి ఆ మచ్చలేమిటి? నా లెక్కలో గొర్రెల మంద. కోతలయ్యాక బీడుపడ్డ పొలంలో చుట్టూ వల కట్టి రాత్రికి మందను తోలతారు. తెల్లారి వల విప్పి, మర్నాటి రాత్రికి పక్కకు జరుపుతారు. ఎరువు కోసం రైతే అడిగి మరీ కట్టించుకుంటాడు. పెంట, మూత్రం పడ్డ మేరకు తర్వాతి పైరు నల్లగా లేస్తుంది. వరసగా, దాదాపు ఒకే ఎడంతో మచ్చలు పడటానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలకు వెళ్ళి చూడండి: ముందు ఏడాది ఆ మచ్చలు లేవు, తర్వాతి ఏడాదీ లేవు. భూమిలో పాతుకున్నది అలా ఒక్క పంటకు వచ్చి పోదు, అనువైన ఏడాదల్లా అదే చోట తేలుతుంది. అక్కడే స్కేలు పెట్టి కొలిస్తే ఒక్కో మచ్చ పాతిక మీటర్ల పైనే. విమానాలను కూల్చడానికి అప్పట్లో బ్రిటిష్ వాళ్ళు వాడిన 3.7 అంగుళాల ఫిరంగి గుంటకు అందులో సగం చాలు.

వంతెన కాపలా మాటకొస్తే, అల్లూరు నుంచి పెన్నా వంతెన పాతిక కిలోమీటర్ల దూరం. ఆ ఫిరంగి గుండ్లు విమానాలను అందుకునే ఎత్తు తొమ్మిది కిలోమీటర్లు. కాపలా కాసేవాడు ఇంత దూరాన కూర్చుంటాడా?

ప్రభుత్వం దాచిందనే దానికి ఫార్వర్డ్‌లో ఒక్క ఆధారమూ లేదు, కాబట్టి జవాబూ అక్కర్లేదు.

బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి పైరు మచ్చలను బట్టి పాత కట్టడాలు గుర్తుపట్టేవాళ్ళు కూడా తొందరపడరు. యుద్ధకాలపు సెర్చిలైటు చుట్టూ తవ్విన కందకం పైనుంచి చూస్తే కంచుయుగపు సమాధి వలయంలాగే ఉంటుంది. అందుకే 1940ల నాటి విమాన చిత్రాలతో పోల్చి, అప్పటికీ తేలకపోతే "కావచ్చు" అని రాసి ఊరుకుంటారు.

యుద్ధకాలపు ఆనవాళ్ళే వెతకాలనుకుంటే దొనకొండకు పోండి. బ్రిటిష్ వాళ్ళు వేసిన ఎయిర్‌స్ట్రిప్ అక్కడ ఉంది. చుట్టుపక్కల నల్లరేగడిలో శనగ వేసిన చేలుంటే డిసెంబరు, జనవరి చిత్రాలు తీసి చూడండి. శనగ నేలలో మిగిలిన పదును మీదే పండుతుంది కాబట్టి కింద ఏదైనా ఉంటే దాని జాడ పైరులో కనిపించే వీలుంది. కనిపించినా ముందు ఆ చేను రైతును అడగండి, నిరుడు అక్కడ మంద కట్టించాడేమో.