గుప్పెడంత గిర్నీ

కాఫీ పొడికి మనకు తెలిసిన దారి ఒకటే. కొట్టుకెళ్లి "పీబెర్రీ సగం, ప్లాంటేషన్ ఏ సగం, చికోరీ ఇరవై శాతం" అని గింజల రకాలూ, పైన కలిపే చికోరీ వేరు పొడీ చెప్పి, పెద్ద మర గరగరలాడుతుంటే ఆ వాసన పీలుస్తూ నిలబడటం. ఆ మరను ఇంటికే తెచ్చుకుందామనుకునేవాళ్లకు దొరికేది చెంబంత వస్తువు. అడుగున మోటారు, దానిపైన యాభై అరవై గ్రాములు పట్టే స్టీలు గిన్నె, అందులో రెండు రెక్కల బ్లేడు, పైన ప్లాస్టిక్ మూత. మూత నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. చిన్నపిల్లాడు కూడా నడపగలడు. పెద్దవాళ్లతోనే చిక్కు.

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి అత్తమామలు రైలు దిగి ఇంటికొచ్చిన ఒక అల్లుడిని ఊహించుకోండి. డబ్బాలో అరకు గింజలున్నాయి, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు. "ఉండండి మామయ్యగారూ, అప్పటికప్పుడు పొడి చేసి ఇస్తాను" అన్నాడు. "మొన్నటి పొడి ఉందిగా, ఏవండీ" అని లోపల్నుంచి భార్య గొంతు. వినలేదు.

గిన్నెలో అరవై పడతాయని నిండా పోశాడు. నలుగురికి ముప్ఫై గ్రాములు చాలు. నిండా పోస్తే గింజలకు దొర్లే చోటుండదు. అడుగున బ్లేడుకు చిక్కినవి మళ్లీ మళ్లీ దెబ్బలు తింటాయి, పైవి రంగులరాట్నం ఎక్కినట్టు ఊరికే తిరుగుతాయి. మూడేసి క్షణాలు నొక్కి, వదిలి, యంత్రాన్ని ఎత్తి ఒకసారి కుదిపి, మళ్లీ నొక్కాలి. అలా అంతా కలిపి ఇరవై క్షణాలు చాలు. అల్లుడు ఏకబిగిన నిమిషం పైనే నొక్కాడు. సైలెన్సర్ ఊడిన స్కూటరు వంటింట్లోకి వచ్చినట్టు మోత. నడుం వాల్చిన అత్తగారు లేచి కూర్చున్నారు. పొడి వేడెక్కింది. వాసన వీధికి పోయింది, చేదు గిన్నెలో మిగిలింది.

ఇంతలో యంత్రం టక్కున ఆగింది. కరెంటు పోయిందేమోనని స్విచ్ బోర్డు చూశాడు, ఫ్యాను తిరుగుతోంది. యంత్రానికి రెండు చరుపులు చరిచాడు. నిజానికి దానికి జబ్బేమీ లేదు. ఈ బుల్లి మోటార్లు అర నిమిషం తిరిగితే ఒక నిమిషం ఊపిరి తీసుకోవాలి. తీసుకోనివ్వకపోతే, కొన్నిటిలో వేడికి తెగే మీట ఒకటి ఉంటుంది, అది పడిపోతుంది. చల్లారితే తనే మేలుకుంటుంది. ఆ మీట లేనివైతే కాలిన వాసనతో కబురు పెడతాయి.

మూత తీశాడు. తీసే ముందు పైన నాలుగు తట్లు తట్టి, కాసేపు ఆగాలి. లేకపోతే గాల్లో తేలుతున్న సన్నపొడి ముఖానికి బుక్కాలా కొడుతుంది. కొట్టింది. గింజ మీది పల్చని పొట్టు మూతకీ, చేతికీ, చొక్కాకీ అతుక్కుంది. ఒరిపిడికి పుట్టే విద్యుత్తు మహిమ అది. చెంచా కాడ నీళ్లలో ముంచి, ఆ తడితో గింజల్ని ఒకసారి కలిపి అప్పుడు తిప్పితే ఈ బాధ చాలావరకు ఉండదు. ఒక్క చుక్క చాలు, కడగమని కాదు.

గిన్నెలో చూస్తే అడుగున మైదా, మధ్యలో బొంబాయి రవ్వ, పైన శనగబద్దలు. బ్లేడు నరుకుతుందే గాని విసరదు. విసుర్రాయిలో అయితే రెండు రాళ్ల మధ్య సందు ఎంతో పిండి అంతే. ఖరీదైన బర్ గ్రైండర్లు చేసేది ఆ విసుర్రాయి పనే. ఫిల్టరుకు పొడి వేళ్ల మధ్య సన్న ఇసుకలా తగలాలి.

ఆ మిశ్రమాన్నే ఫిల్టరులో వేసి, గొడుగు (పొడిని అదిమే కాడ ఉన్న చిల్లుల బిళ్ల) పెట్టి గట్టిగా అదిమి, మరిగిన నీళ్లు పోశాడు. మైదా వెళ్లి కన్నాల్లో కూర్చుంది. మామూలుగా పది పదిహేను నిమిషాల్లో దిగాల్సిన డికాక్షన్ పావుగంటకి ఏడు చుక్కలు. ఫిల్టరు మీద చెంచాతో తట్టాడు. పై గిన్నెను రవ్వంత ఎత్తి వదిలితే కింద చిక్కిన గాలి పోయి కాస్త దిగుతుంది, ఆ కిటుకు నిజంగానే పనిచేస్తుంది. కాకపోతే గుడ్డ పట్టుకుని ఎత్తాలి.

"చేతికి వెన్న రాయండి" అన్నారు అత్తగారు, చాలా శాంతంగా.

చివరికి సగం లోటా డికాక్షన్ వచ్చింది. పాలు కలిపి మామగారికిచ్చారు. ఒక గుక్క తాగి, లోటాలోకి చూసి, "అల్లుడుగారూ, ఇందులో జీలకర్ర వేశారా?" అన్నారు.

వేయలేదు. ముందు రోజు అదే గిన్నెలో చారుపొడి కొట్టారు. కాఫీ గింజల నూనె గిన్నెకీ మూతకీ పూతలా పట్టి ఉంటుంది, అది వాసనల్ని వదలదు. (చికోరీ కూడా ఇందులో వేయకండి. తేమ పీల్చుకుని బ్లేడుకు పాకంలా పడుతుంది. విడిగా పొడి కొని తర్వాత కలుపుకోండి.) మోటారుంది కాబట్టి కుళాయి కింద పెట్టి కడగలేం. ప్లగ్గు తీసి, బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాత రెండు చెంచాల బియ్యం వేసి పొడి చేసి పారబోస్తే వాసన చాలామటుకు దిగుతుంది.

బియ్యం వేసి తిప్పారు. గోధుమరంగు పిండి వచ్చింది. పారేయడానికి చేతులు రాక అత్తగారు దాంతోనే వాకిట్లో ముగ్గు పెట్టారు. ఎనిమిదింటికి ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి అడిగింది:

"పిన్నిగారూ, ఈ రంగు ఎక్కడ దొరికింది? వాసన కూడా వస్తోందే!"