పోతన అందరివాడే, ఆ సీడీ కాదు

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. పొద్దున హనుమకొండ సాహిత్య మిత్రుల గ్రూపులో, మధ్యాహ్నం టీచర్ల గ్రూపులో, రాత్రికి మా బావ దగ్గర్నుంచి. పాత సాహిత్య సీడీలు ఇంట్లో ఉంటే యూట్యూబ్‌లో పెట్టేయండి, కాపీరైట్ ఏమీ ఉండదట. కారణాలు కూడా వరసగా చెప్పారు.

"పోతన రాసి 500 ఏళ్లు దాటింది." దాటింది. బమ్మెర పోతన పద్యం ఎవరైనా పాడుకోవచ్చు. కానీ సీడీలో ఉన్నది పద్యం ఒక్కటేనా? చదివిన గొంతు, తాత్పర్యం, గీసిన బొమ్మలు, ఎవరి హక్కు వారిదే. 1999లో వచ్చిన రికార్డింగుకు 2059 చివరిదాకా గడువుంది. అందులోనే కాళోజీ కవిత ఉంటే 2062 దాకా ఆగాలి.

"పేరు వేస్తే చాలు." చాలదు.

"డబ్బులు తీసుకోవట్లేదు కదా." అయినా అంతే.

"చదువు కోసమే." క్లాసులో వినిపించండి, ఎవరూ అడ్డురారు. లోకమంతటికీ అప్‌లోడ్ చేస్తే అది పాఠం కాదు.

అసలు మంట పుట్టించేది ఇది: "కంపెనీ మూతపడింది, కాబట్టి హక్కుదారు లేడు." ఆహా! వరంగల్ అజంజాహి బట్టల మిల్లు మూతపడగానే దాని భూములు దారిన పోయేవాళ్లవి అయ్యాయా? కంపెనీ పోతే హక్కు కొన్నవాళ్లకో, అప్పులవాళ్లకో పోతుంది. ఇంకో సంగతి. హక్కు రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే 5 ఏళ్లే లెక్క అంటుంది కాపీరైట్ చట్టం సెక్షన్ 19. అంటే తాత్పర్యం రాసిన సార్‌కే హక్కు ఎప్పుడో తిరిగొచ్చి ఉండొచ్చు. రిటైరై ఇక్కడే ఏ గల్లీలోనో ఉన్న ఆ పెద్దమనిషిని ఒక్కమాట అడగకుండా "హక్కుదారు లేడు" అని ఊరంతా చాటడం సాహిత్య సేవ అట!

చివరి పాయింట్: "చట్టం గ్రంథాలయాల చేతులు కూడా కట్టేసింది." ఇది మాత్రం నిజం, ఒప్పుకోవాల్సిందే. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ భద్రపరచడానికి డిజిటల్ కాపీ తీసుకోవచ్చు, కానీ తన దగ్గర డిజిటల్ కాని ప్రతి ఉంటేనే. కాగితం పుస్తకానికి సరే, సీడీ పుట్టుకే డిజిటల్ కాబట్టి ఆ వెసులుబాటు వర్తించదు. ఇప్పటి కంప్యూటర్లలో అవి చాలావరకు తెరుచుకోవు, 2059 దాకా డిస్కులు ఆగవు. ఈ విషయంలో చట్టం మొద్దు.

అయినా దారి లేకపోలేదు. హక్కుదారు నిజంగానే దొరకకపోతే, సెక్షన్ 31ఎ కింద పత్రికలో ప్రకటన ఇచ్చి లైసెన్సుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఖర్చు, తిప్పలు తప్పవు. అంతకంటే ముందు సీడీ అట్ట వెనక పేర్లు చదవండి సార్. వాళ్లలో సగం మంది నంబర్లు మీ ఫోన్లోనే ఉంటాయి.