‘నె’ అంటే అవునా, కాదా?

గ్రీస్, బల్గేరియా, టర్కీ సరిహద్దులు మూడూ ఒక నది దగ్గర కలుస్తాయి. బల్గేరియన్లకది మరిత్సా, గ్రీకులకు ఎవ్రోస్, టర్కులకు మెరిచ్. నదికి మూడు పేర్లుండటం వింతేమీ కాదు. వింతల్లా ‘నె’ అనే ఒక్క అక్షరంతోనే. గ్రీకులో అది ‘అవును’, బల్గేరియన్‌లో ‘కాదు’, టర్కిష్‌లో ‘ఏమిటి?’. పైగా బల్గేరియన్లు అవుననడానికి తల అడ్డంగా ఊపుతారు. కొత్తగా వెళ్లినవాడు చెవినీ నమ్మడానికి లేదు, కంటినీ నమ్మడానికి లేదు.

బల్గేరియన్ ‘నె’ పుట్టుక తేలిగ్గానే తెలుస్తుంది. సంస్కృతంలోని ‘న’, రష్యన్‌లోని ‘న్యె’ దానికి తోబుట్టువులు. చిక్కంతా గ్రీకుతోనే. అదీ సంస్కృతం, రష్యన్ ఉన్న ఇండో-యూరోపియన్ కుటుంబపు భాషే అయినా, ఆ పాత ‘కాదు’ను ఎప్పుడో వదిలేసింది. ఇప్పుడు వాడే ‘దెన్’, ‘ఏమీ లేదు’ అనే ప్రాచీన పదం అరిగి మిగిలిన ముక్క. పాత నిషేధం సమాసాల్లో మాత్రం దాక్కుంది. పురుగుల్ని పట్టే కూజా మొక్క పేరు ‘నెపెంథీస్’లో మొదటి అక్షరం ‘లేని’ అని, మిగతాది ‘దుఃఖం’ అని చెబుతాయి. మరి ‘అవును’ అనే ‘నె’? అది వేరే పదం. ప్రాచీన ‘నై’ (నిజమే) పలుకు మారి ‘నె’ అయింది. రాతలో ఇప్పటికీ రెండచ్చులూ అలాగే ఉన్నాయి.

టర్కిష్‌లో మళ్లీ రెండు ‘నె’లు. ‘ఏమిటి’ వాళ్ల సొంతం. జంటగా వచ్చేది పారశీకం నుంచి తెచ్చుకున్నది. ‘నె అలీ గెల్ది నె వెలీ’ అంటే అలీ రాలేదు, వెలీ కూడా రాలేదు. ‘గెల్ది’ ఒక్కటే అయితే ‘వచ్చాడు’! క్రియ అస్త్యర్థంలోనే ఉంటుంది, కాదనే పని జంట ‘నె’లదే. నేర్చుకునేవారు అలవాటు కొద్దీ క్రియనూ వ్యతిరేకంలో పెట్టి తప్పులో కాలేస్తారు.

హిందీ ‘నే’కు విడిగా అర్థమే లేదు, ఉన్నది పని. ‘రామ్ నే కితాబ్ పఢీ’లో చదివింది రాముడు, క్రియ మాత్రం స్త్రీలింగం. ‘నే’ రాగానే క్రియ కర్తను వదిలి కర్మ వెంట పోతుంది, ‘కితాబ్’ స్త్రీలింగం మరి. మనవాళ్లు ‘పఢా’ అనేది ఇక్కడే. తెలుగులో ‘నే వస్తా’ అన్నప్పటి ‘నే’ పూర్తి సర్వనామం. రెంటికీ చుట్టరికం లేదు.

హంగేరియన్‌లో ‘నె’ అంటే ‘వద్దు’, అది నిషేధానికే. ‘కాదు’ అనడానికి ‘నెమ్’ వేరే ఉంది. వద్దు, కాదు, లేదు తేడాలు ఎరిగిన మనకు ఇది సుళువుగా అందుతుంది. జపనీస్‌లో వాక్యం చివర ‘నె’ మన ‘కదా’. చైనీస్‌లో ఓ ప్రశ్నార్థక ప్రత్యయాన్ని రోమన్ లిపిలో ‘ne’ అనే రాస్తారు గానీ పలుకు ‘నె’ కాదు. లిపిని చూసి పోలిక కట్టేవారు బోల్తా పడేది ఇలాంటి చోటే.

ఇన్ని భాషల్లో ఒకే శబ్దం ఎలా? లెక్క చూడండి. ఇరవై హల్లులు, ఐదు అచ్చులు ఉన్న భాషలో హల్లుతో మొదలై అచ్చుతో ముగిసే అక్షరాలు వందే. లోకంలో భాషలేమో దాదాపు 7,000. ఏ భాషైనా రోజూ వాడే చిన్న మాటల్ని పొట్టి అక్షరాల్లోనే సర్దుకుంటుంది. కలవకపోతేనే ఆశ్చర్యం. అర్థం కూడా కలిసిన సందర్భాలున్నాయి: తమిళంలో ‘నీ’ అంటే నువ్వు, చైనీస్‌లోనూ ‘నీ’ అంటే నువ్వే. అంతమాత్రాన ద్రావిడ, చైనీస్ భాషలు అక్కాచెల్లెళ్లంటే ఒప్పుకోలేం. చుట్టరికానికి సాక్ష్యం ఒక్క మాట కాదు, పదే పదే కనిపించే ధ్వనుల వరస. సంస్కృత ‘ప’కు ఇంగ్లిష్‌లో ‘ఫ’ రావడం పితృ–ఫాదర్, పాద–ఫుట్ లాంటి జంటల్లో కనిపిస్తుంది.

అనువాదంలో నన్నడిగితే అన్నిటికన్నా మోసం చేసేది కొరియన్ ‘నె’. నిఘంటువు ‘అవును’ అంటుంది. పదాది నకారం ముక్కుపలుకు తగ్గి ‘దె’లా వినిపించడం ఒక తిప్పలు. సాగదీసి అడిగితే ‘ఏంటండీ?’ అవుతుంది. ‘రావట్లేదా?’ అన్న ప్రశ్నకు జవాబుగా వస్తే ‘మీరన్నది నిజమే, రావట్లేదు’ అని. ముందున్న ప్రశ్న చూడకుండా సినిమా సబ్‌టైటిల్‌లో ‘అవును, వస్తున్నా’ అని రాస్తే రానివాడు వచ్చేస్తాడు. అక్కడ పెట్టాల్సింది మన ‘ఆఁ, రావట్లేదండీ’.