మర్రి చిగురేసింది సరే, ఊరి దినం ఎవరు పెడతారు?

లహైనా మర్రిచెట్టు ఫొటో మీలో చాలామంది వాట్సాప్‌లో చూసే ఉంటారు. 2023 ఆగస్టు 8న హవాయిలోని మౌయి దీవిలో కార్చిచ్చు ఆ ఊరిని మింగేసింది, వందమందికి పైగా పోయారు, 2,200కి పైగా కట్టడాలు బూడిదయ్యాయి, ఇదంతా తెలిసిందే. ఊరి నడిబొడ్డున 1873లో నాటిన మర్రి, అదీ మన ఇండియా నుంచి వెళ్లిన మొక్క, మాడి మసైపోయి సెప్టెంబర్‌కల్లా చిగుళ్లేసింది. ఇంక చూస్కోండి, ఎక్కడ చూసినా ఆశ చిగురించిందనే మాటే. నాకు ఆ మాట వింటేనే ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే వైజాగ్‌లో ఈ సినిమా మేం ముందే చూశాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయాక కైలాసగిరి, కంబాలకొండ ఎలా ఉన్నాయో గుర్తుందా, నిప్పు లేకుండానే ఎవరో తగలబెట్టినట్టు గోధుమరంగులోకి మారిపోయి, ఒక్క పచ్చాకు లేదు. కొన్ని వారాలకి మోడులు చిగురేశాయి, వెంటనే మేం కోలుకున్నాం అని మాకు మేమే సర్టిఫికెట్ ఇచ్చేసుకున్నాం. అయిపోయింది, మర్చిపోయాం.

మన ఇంట్లో మనిషి పోతే ఇలా చేస్తామా? పదకొండో రోజు, పన్నెండో రోజు, మాసికాలు, సంవత్సరీకం, ఏడవడానికి కూడా ఒక క్యాలెండర్ పెట్టుకున్న జాతి మనది. ఆ రోజుల్లో పక్కింటోళ్లు వండి తెస్తారు, మాట్లాడకపోయినా వచ్చి అరుగు మీద కూర్చుంటారు. మరి ఊరే పోతే? మర్నాడే పొక్లెయిన్లు వస్తాయి, పరిహారం లిస్టులొస్తాయి. 2023 నవంబర్‌లో మా ఫిషింగ్ హార్బర్‌లో రాత్రికి రాత్రి దాదాపు 40 బోట్లు కాలిపోతే విలువలో 80 శాతం ఇస్తామన్నారు, మంచిదే, కానీ కొబ్బరికాయ కొట్టి బొట్టుపెట్టి నీళ్లలోకి దించిన బోటు అది, మిగతా 20 శాతంలో ఏముందో లెక్కగట్టే ఫారం ఏ ఆఫీసులోనూ ఉండదు. లహైనాలో అయితే బూడిద చల్లారకముందే స్థలం అమ్ముతారా అని ఫోన్లు, చివరికి అడక్కుండా వచ్చే ఆ బేరాల్ని గవర్నర్ నిషేధించాల్సొచ్చింది. ఏడ్చే టైమ్ ఇవ్వకపోతే లాభపడేది ఎవరో దీన్నిబట్టే తెలియట్లేదా?

ఏడుస్తూ కూర్చుంటే కడుపు నిండుతుందా, పని చూసుకోవాలి కదా అంటారు. నిజమే, వేటకెళ్లకపోతే జాలరిపేటలో పొయ్యి వెలగదు. కానీ దినం పెట్టినోడు పని మానేశాడా ఎక్కడైనా?

లహైనా వాళ్లు ఒక పని చేశారు. బైపాస్ రోడ్డు పక్కన శిలువలు పాతి, పోయినవాళ్ల ఫొటోలు పెట్టి పూలదండలేశారు, ఆ దారిన వెళ్లే ప్రతి కారూ వాటిని చూడాల్సిందే. అదీ కోలుకోవడం అంటే, నా లెక్కలో చిగురు కాదు.

అసలు పాయింట్‌కొస్తాను. మౌయిలో దాదాపు 80 సైరన్లున్నాయి, ఆరోజు ఒక్కటీ మోగలేదు. జనం సునామీ అనుకుని కొండవైపు, అంటే మంటవైపే పరిగెడతారని మోగించలేదని అక్కడి ఎమర్జెన్సీ అధికారి సమర్థించుకున్నాడు, అలా సమర్థించుకున్న మర్నాడే రాజీనామా చేశాడు. ఈ ముక్క చదివినప్పుడు నాకు మా వైజాగ్‌లోని ఆర్ఆర్ వెంకటాపురమే కళ్లముందుకొచ్చింది. 2020 మే 7, తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది, 12 మంది చనిపోయారు, సైరన్ మోగించే పాయింట్లు 36 ఉన్నా మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే రాసింది. జనం నిద్రలో ఊపిరాడక లేచి ఎటు పోవాలో తెలీక రోడ్లమీద పడిపోయారు. సముద్రం అవతల ఒకటి, గోపాలపట్నం పక్కన ఒకటి, రెండు ఊళ్లలోనూ నోరు మూసుకున్నది సైరనే.

అందుకే నేనడిగేది ఒక్కటే. ప్రతి మే 7న గాజువాక నుంచి పరవాడ దాకా ఉన్న ప్రతి ఫ్యాక్టరీ పట్టపగలు సైరన్ మోగించాలి, ఐదు నిమిషాలు, ముందే ఊరంతా చెప్పి. పోయినవాళ్లకి అదే సంవత్సరీకం, మిగిలినవాళ్లకి ఎటు పరిగెత్తాలో ప్రాక్టీసు, పనిచేయని సైరన్ ఎవరిదో కూడా ఆరోజే బయటపడుతుంది. పెట్టుబడులొచ్చే ఊళ్లో ఈ అపశకునం మోత ఎందుకని ఎవరైనా అంటే, ఆ మాట వెంకటాపురం వెళ్లి అక్కడి అరుగుమీద కూర్చుని అనమనండి.