బూడిదైపోయినోడికి డెత్ సర్టిఫికెట్ ఎవరిస్తారు?

ఇన్ఫినిటీ వార్ సినిమా చివర్లో థానోస్ అనే విలన్ చిటికేస్తే లోకంలో సగం జనం బూడిదైపోతారు. అందులో స్పైడర్‌మ్యాన్ పిల్లోడు ఐరన్‌మ్యాన్‌ని కరుచుకుని, నాకు పోవాలని లేదని ఏడుస్తా ఏడుస్తా బూడిదైపోతాడు. 2018లో వచ్చింది ఆ సీను. అంతవరకు తెలుగు డబ్బింగులో థానోస్‌కి రానా గొంతు వినపడితే ఈలలేసిన మనోళ్లు కూడా అక్కడ ముక్కులు చీదినారు. అయితే అందరూ దాన్ని ఎమోషన్ కోణంలోనే చూసినారు గానీ రెవెన్యూ ఆఫీసు కోణంలో ఒక్కరూ చూడలే. చాలా బాధాకరం.

శవం లేదు. శవం లేనప్పుడు పంచనామా లేదు, పోస్ట్‌మార్టం లేదు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం చావును 21 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి, అదీ చావు యాడ జరిగితే ఆడి రిజిస్ట్రార్ దగ్గరే. ఈ చావు జరిగిందేమో టైటాన్ అనే గ్రహం మీద, అది థానోస్ సొంతూరు, ఊర్లో జనమంతా ఎప్పుడో పోయినారు, సచివాలయం ఉందో లేదో డైరెక్టర్లు చూపించలే. కళ్లారా చూసిన సాక్షి ఐరన్‌మ్యాన్ ఉన్నాడు కదా అంటారా, ఆయన అంతరిక్షంలో తిండీ నీళ్లూ లేక తేలాడి తేలాడి భూమ్మీదికి వచ్చేసరికి మూడు వారాలు దాటిపోయింది. ఇంక లేట్ ఫీజు కట్టాల్సిందే, సూపర్‌హీరో అయితే ఏంది.

సరే, అది వాళ్ల తలనొప్పి. చిటికేస్తే లోకంలో సగం జనం మాయమంటే కడపలో కూడా సగమే కదా. ఏడు రోడ్ల కాడ కారం దోశ తింటా తింటానే కొందరు పోయుంటారు, ఆ బిల్లు ఎవరు కట్టాలనేది వేరే కేసు. దహనం ఖర్చయితే మిగిలింది, బూడిద రెడీగా ఉంది, నేరుగా పుష్పగిరికి పట్టకపోయి పెన్నలో కలపొచ్చు, నీళ్లుంటే.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైతాది. మనిషి ఏడేళ్లు అయిపు ఆచూకీ లేకుండా పోతేనే చనిపోయినట్టు లెక్క, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 108వ సెక్షన్ (అంబులెన్స్ కాదు). కొత్త చట్టంలో నంబర్ మారింది, ఏడేళ్లు మాత్రం మారలే. తర్వాతి సినిమా ఎండ్‌గేమ్‌లో బూడిదైన వీళ్లంతా ఐదేళ్లకే తిరిగొచ్చేస్తారు. అంటే ఐదేళ్లు వాళ్లు బతికున్నోళ్లు కాదు, చచ్చినోళ్లూ కాదు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పుట్టదు, పొలం పాస్‌బుక్ మారదు.

పోయేనాటికి 58 ఏళ్లున్న పెద్దాయన తిరిగొచ్చినాక ఆధార్ ప్రకారం 63, ఒళ్లు ప్రకారం 58. పింఛను 60కి. ఇయ్యాల్నా వద్దా? ఇక్కడేమో శెనక్కాయలు ఒలిచి ఒలిచి వేళ్ల గీతలు అరిగిపోయిన అవ్వ మిషన్ మీద బొటనవేలు పెడ్తాది, తుడుచుకుని మళ్లీ పెడ్తాది, కొంగుకి రుద్ది ఇంకోటి పెడ్తాది, ఎదురుగా నిలబడి మాట్లాడతాన్నా ఆమె బతికుందని ఆ మిషన్ నమ్మదు. ఆ సూపర్‌హీరోలు మాత్రం గాల్లో కలిసిపోయి, నారింజ రంగు గుండ్రాల్లోంచి దిగబడి, ఒక్క కాయితం లేకుండా యుద్ధంలో దూరిపోతారు. ఎవుడూ ఆపడు.

ఆ యుద్ధం చివర్లో ఐరన్‌మ్యాన్ చావొక్కటే కాస్త పద్ధతిగా జరిగింది, శవం ఉంది, పెండ్లాముంది, సాక్షులు లెక్కలేనంత మంది. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.

నా దిగులంతా చీనీ (బత్తాయి) తోటల గురించి. అన్న చెట్లు నాటినాడు, కొన్నాళ్లకే బూడిదైనాడు. తమ్ముడు బోరేయించి, అప్పు చేసి డ్రిప్పు పెట్టించి, ఐదేళ్లు నీళ్లు కట్టినాడు, చీనీ చెట్టు కూడా దాదాపు అప్పటికే కాపుకొస్తాది. సరిగ్గా తొలికాపు కోసే రోజు అన్న తోట మధ్యలో ప్రత్యక్షమై, ఏందిరా నా కాయలు కోస్తాండావు అంటాడు. తమ్ముడు గంప కింద పెట్టి, కాయలు తర్వాత మాట్లాడుకుందాం గానీ ముందు బోరుకి పెట్టింది లెక్క తేల్చు అన్నా అంటాడు.