ఎక్కడా రాయని గడువు

రావాల్సిన పోస్టు పైరవీ ఉన్నవాడికి పోయిందని తెలిశాక నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా అభ్యర్థి ముందుగా వెళ్లేది ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకే. 'చూద్దాంలే' అన్న మాట మీద ఓ నెల గడుస్తుంది. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. రసీదు చేతికొస్తుంది, జవాబు రాదు. మళ్లీ అర్జీ, మళ్లీ రసీదు. ఏడాదిన్నర తర్వాత హైకోర్టులో రిట్ వేస్తే ప్రభుత్వ ప్లీడరు లేచి అడిగేది ఒకటే: ఇన్నాళ్లూ ఏం చేశారు?

నిజానికి రాజ్యాంగం 226వ అధికరణ కింద వేసే రిట్‌కు ఇన్ని రోజులని చట్టం ఎక్కడా చెప్పలేదు. గడువు మాత్రం ఉంది. సివిల్ దావాకుండే కాలపరిమితినే రిట్ ఆలస్యానికీ కొలమానంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1964లో భాయిలాల్ భాయి కేసులో చెప్పింది. ప్రమోషన్లలో అన్యాయం జరిగిందనేవారు ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో రావాలని 1974లో సదాశివస్వామి కేసులో అంది. కొత్త నియామకాల్లో ఆ మాత్రం వెసులుబాటు కూడా ఆశించలేం. ఎంపికైనవాళ్లు చేరిపోయి జీతాలు తీసుకుంటున్నాక వాళ్లను కదిలించడానికి కోర్టులు వెనకాడతాయి.

ప్రభుత్వోద్యోగాల వివాదాలు వినే అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఉన్న రోజుల్లో లెక్క కాగితం మీద ఉండేది. 1985 నాటి ట్రిబ్యునళ్ల చట్టం 21వ సెక్షన్ ప్రకారం తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు రావాలి. పై అధికారికి పెట్టుకున్న అప్పీలుకు ఆరు నెలలైనా జవాబు లేకపోతే, అక్కడి నుంచి మరో ఏడాది. తెలంగాణకు 2016లో ఆ ట్రిబ్యునల్ పోయింది. కేసులు హైకోర్టుకు చేరాయి, ఆ గడువు లెక్క మాత్రం చేరలేదు. పోలికకు అమెరికాను చూద్దాం. పార్టీ చూసి మామూలు ఉద్యోగాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 1990లో రూటాన్ కేసులో తేల్చింది. ఆ కేసు పుట్టిన ఇల్లినాయ్‌లో అలాంటి దావాకు రెండేళ్లు గడువు. అది ఎక్కువా తక్కువా అన్నది వేరే చర్చ, కనీసం అభ్యర్థికి ముందే తెలుసు.

మన దగ్గర అభ్యర్థుల్ని ముంచుతున్నది ఒక అపోహ. అర్జీ పెట్టిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవుతుందనుకుంటారు. పాత గొడవ మీద పెట్టిన అర్జీకి జవాబొచ్చినంత మాత్రాన కేసు వేయడానికి కొత్త కారణం పుట్టదని 2008లో సి.జేకబ్ కేసులోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సమాచార హక్కు దరఖాస్తూ అంతే. జవాబుకు 30 రోజులు, మొదటి అప్పీలుకు మరో 45 రోజుల దాకా, ఆపై కమిషన్‌లో ఎన్నాళ్లో చెప్పలేం. దరఖాస్తు రసీదునే జతచేసి రిట్ వేసి, రికార్డులు తెప్పించమని కోర్టునే కోరడం మేలు. ఎంపికైనవారిని ప్రతివాదులుగా చేర్చకపోతే పిటిషన్ అక్కడే పడిపోతుంది. ఫలానా నాయకుడి సిఫారసు అని రాస్తే నిరూపించే భారమూ పిటిషనర్ మీదే, ఆ నాయకుణ్ని పేరుతో ప్రతివాదిగా చేర్చాల్సిందే. రోస్టర్ (రిజర్వేషన్ల వరుస) తప్పిందనో, ఎక్కువ మార్కులున్నవారిని తప్పించారనో చూపడం అంతకంటే గట్టి దారి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. గద్వాల నుంచో, దేవరకొండ నుంచో ఫీజుకు జంకి ఆగేవారికి ఈ మాట చెప్పేవారే తక్కువ.

అసలు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? జిల్లా ఆఫీసు నోటీసు బోర్డు మీద సాయంత్రం ఓ ఏ4 కాగితం అంటిస్తారు. హాల్‌టికెట్ నంబర్లుంటాయి. మార్కులుండవు, రోస్టర్ పాయింటుండదు, కొన్నిసార్లు తేదీ కూడా ఉండదు. రెండు రోజులకు దాని మీద టెండరు ప్రకటన పడుతుంది. ఔట్‌సోర్సింగ్ పోస్టులకైతే ఆ కాగితమూ లేదు. దినసరి నియామకాలను ఆపడానికి ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన 1994 నాటి 2వ నంబరు చట్టం నేటికీ ఉంది. చేర్పులు మాత్రం ఏజెన్సీ పేరుతో, ఎవరి లెటర్‌ప్యాడ్ మీద వచ్చిన పేర్లతోనో సాగిపోతున్నాయి. ఎవరు ఎప్పుడు చేరారో ఊళ్లో తెలిసేది మొదటి జీతం పడ్డాకే.

దీన్ని సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు. మార్కులు, రోస్టర్ పాయింటు, స్థానికత వివరాలతో జాబితాను తేదీ వేసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. అభ్యంతరాలకు పదిహేను రోజులిచ్చి, వాటికి రాతపూర్వకంగా జవాబిచ్చాకే చేరిక ఉత్తర్వులివ్వాలి. ఏజెన్సీ ద్వారా తీసుకునే పోస్టులకూ ఇదే వర్తించాలి. జాబితా బయటపెట్టని నియామకంపై కేసు వస్తే 'ఆలస్యం' అనే అభ్యంతరం లేవనెత్తవద్దని ప్రభుత్వం తన ప్లీడర్లకు ఆదేశమివ్వాలి.